8 లక్షల్లో సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ, పదేళ్లు ఉంచుకోవాలి: ఏది తీసుకోమంటారు?

ములుగు_శ్రీను

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది ములుగు దగ్గర పల్లె, ఉద్యోగం వల్ల మియాపూర్‌లో ఉంటున్నాం. నెలకు ఒకటి రెండు సార్లు ఊరికి పోతాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడున్న చిన్న కారులో ఆయన కూర్చోగలరు గానీ లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాలి. పైగా మా ఊరి రోడ్డు వానాకాలంలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, కింద గీసుకుంటూనే పోతాం.

ఆఫీసు 8 కిలోమీటర్లు. ఊరి ప్రయాణాలతో కలిపి ఏడాదికి 12 వేల కి.మీ. తిరుగుతుంది. బడ్జెట్ పేపర్ల ఖర్చుతో సహా 8 లక్షలు. ఇప్పటిదాకా కంటికి ఆనినవి నాలుగు. 2018 క్రెటా 1.6 డీజిల్, 92 వేలు తిరిగింది, 7.90 చెబుతున్నాడు. 2019 బ్రెజా డీజిల్, 78 వేలు, 7.10. 2017 ఎక్స్‌యూవీ500, లక్షా పది వేలు, 6.75. 2016 డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్, 85 వేలు, 5.25.

ఒకసారి కొంటే పదేళ్లు మళ్లీ కారు గురించి ఆలోచించకూడదు. ఏది తీసుకోమంటారు?

టయోటా_భక్తుడు

నాలుగూ పక్కన పెట్టన్నా. ఇన్నోవా తీసుకో. రెండు లక్షల కి.మీ. తిరిగిన ఇన్నోవా అంటే ఇంకా కుర్ర బండి కిందే లెక్క. అమ్మేటప్పుడు కూడా డబ్బులు చేతికొస్తాయి.

డీజిల్_బాబాయ్

భక్తుడు గారూ, 8 లక్షల్లో మంచి ఇన్నోవా క్రిస్టా ఎక్కడుందో చెప్పండి, నేనే కొంటాను. 2016లో వచ్చిన బండి అది, ఈ రోజుకీ బాగున్నది కావాలంటే 12, 13 లక్షలకు తక్కువ ఎవడూ ఇవ్వడు. 8 లక్షలకు వచ్చేది పాత ఇన్నోవా, లేకపోతే ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగిన క్రిస్టా. పసుపు బోర్డు తీసేసి తెల్ల బోర్డు వేయించి అమ్మేవి బోలెడు. అలాంటి దాని మీటర్లో లక్షా ఇరవై వేలు కనబడితే నమ్మేదెలా?

శ్రీనూ, ముందు డీజిలా పెట్రోలా తేల్చుకో. లీటరు పెట్రోలు 107, డీజిల్ 95 పైచిలుకు అని లెక్కేద్దాం. ఈ సైజు పెట్రోలు బండి సిటీ, హైవే కలిపి 12 ఇస్తుందనుకుందాం, డీజిల్ 16 ఇస్తుందనుకుందాం. 12 వేల కి.మీ.కి పెట్రోలు లక్షా ఏడు వేలు, డీజిల్ 72 వేలు. ఏడాదికి 35 వేలు తేడా. పదేళ్లకు మూడున్నర లక్షలు మిగులుతాయని సంబరపడకు. డీజిల్ బండికి ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్చు అన్నీ ఖరీదే. ఒకసారి ఇంజెక్టర్ల పని పడిందంటే రెండు మూడేళ్ల మిగులు అక్కడే పోతుంది. అయినా నీ తిరుగుడుకు డీజిల్‌దే కాస్త పైచేయి, ఊరి ప్రయాణాలున్నాయి కాబట్టి.

ఒక్కటి గుర్తుపెట్టుకో. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ జోలికి మాత్రం పోకు. వాటిలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టరు ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు వేడిగా పరిగెత్తాలి. రోజూ 8 కి.మీ. ట్రాఫిక్‌లో పాకితే ఇంజన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది, మసి అలాగే ఉండిపోతుంది. ఆ ఫిల్టరు పూడుకుపోతే బిల్లు చూసి గుండె పట్టుకోవాలి. నువ్వు చూసినవన్నీ బీఎస్4 కాలంవి, ఆ బెంగ లేదు.

కుకట్‌పల్లి_కిరణ్

నాదో డౌట్ బ్రో. జీఎస్టీ తగ్గాక కొత్త నెక్సాన్ బేస్ మోడల్ ఎక్స్‌షోరూమ్ 7.32 లక్షల నుంచి మొదలైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు బండ్లకు 18 శాతమే కదా. ఏడెనిమిదేళ్ల పాత బండికి ఎనిమిది పెట్టడం కంటే కాస్త కలిపి కొత్తది కొంటే వారంటీ కూడా వస్తుంది, మనశ్శాంతి.

ములుగు_శ్రీను

కిరణ్ బ్రో, షోరూమ్‌కు పోయి అడిగాను. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే తొమ్మిదికి దగ్గర పడుతోంది. అది కూడా అన్నింటికంటే కింది వేరియంట్. చేతిలో ఉన్నది ఎనిమిదే, లోన్ వద్దని ఇంట్లో గట్టిగా అన్నారు. కానీ మీరు చెప్పిన దాంతో ఒక పని జరిగింది, పాత బండ్లవాళ్ల దగ్గర బేరానికి నాకో మాట దొరికింది. కొత్తవాటి ధరే తగ్గిందంటే పాతది అదే రేటుకు ఎందుకు కొనాలి?

కుకట్‌పల్లి_కిరణ్

అదే పాయింట్. జీఎస్టీ తగ్గకముందు పెట్టిన యాడ్‌లో రేటే ఇంకా చెబుతుంటే నిర్మొహమాటంగా అడుగు.

మస్తాన్_షెడ్డు_గుంటూరు

శ్రీను గారూ, నేను మెకానిక్‌ని, పాతికేళ్లుగా ఇదే పని. ఏ బండి మంచిదని అందరూ అడుగుతారు, అది రిపేరుకొస్తే ఎవడు చూస్తాడని ఎవరూ అడగరు. మీది ములుగు అంటున్నారు. వరంగల్, హనుమకొండ దాటాక మీ నాలుగు బండ్లలో ఏది ఆగిపోయినా దాన్ని విప్పి మళ్లీ బిగించగలిగే మనిషి ఉన్నాడా చూసుకోండి.

బ్రెజా డీజిల్‌లో ఉన్నది 1.3 ఇంజన్, పుట్టుక ఫియట్‌ది. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా డీజిల్ అన్నీ అదే ఇంజన్. అందుకే ఏ సెంటర్‌కు పోయినా దాన్ని విప్పినవాడు దొరుకుతాడు, సామాను దొరుకుతుంది. మారుతి 2020లో డీజిల్ ఆపేసినా ఇన్ని లక్షల బండ్లు రోడ్డు మీద ఉన్నప్పుడు సామానుకు కరువుండదు. రెండు వేల ఆర్‌పీఎం దాటేదాకా కాస్త మొద్దుగా ఉంటుంది, అలవాటు పడాలి.

క్రెటా 1.6 డీజిల్‌కు 128 హార్స్ పవర్, హైవేలో కాలు పెడితే దూసుకుపోతుంది. ఇంజన్ గట్టిది, టైమింగ్ చైన్ ఉంటుంది. పై వేరియంట్లకు 17 అంగుళాల టైర్లు, మార్చేటప్పుడు జేబుకు తెలుస్తుంది.

డస్టర్‌కు టైమింగ్ బెల్టు. అది ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా చూపించలేకపోతే కొన్న రోజే మార్పించాలి. బెల్టు తెగిందంటే వాల్వులు పిస్టన్‌కు తగిలి ఇంజన్ మొత్తం ఒళ్లో పోస్తుంది. బండి మాత్రం రాయిలా ఉంటుంది, మీ ఊరి రోడ్డుకు దానంత సస్పెన్షన్ మీ లిస్టులో ఇంకోదానికి లేదు. 2022లో ఆ మోడల్ అమ్మకాలు ఆపేశారు. ఆల్ వీల్ డ్రైవ్ సామాను కావాలంటే ఆర్డర్ పెట్టి ఎదురుచూడాల్సిందే.

పేపర్ల_పంతులు

మస్తాన్ గారి మాటకు ఇంకోటి కలుపుతా. శ్రీను గారు పదేళ్లంటున్నారు. ఆర్సీ రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి 15 ఏళ్లే. 2016 డస్టర్‌కు 2031లో అయిపోతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్ ఫీజు, గ్రీన్ టాక్స్, ఇవన్నీ మొదలు. 2019 బ్రెజాకు 2034 దాకా ఢోకా లేదు. 5.25, 7.10 పక్కపక్కన పెట్టి చూడకండి. ఒక్కో ఏడాదికి ఎంత పడుతోందో చూడండి. డస్టర్ చవకతనం సగం అక్కడే కరిగిపోతుంది.

శ్రీలత_బెజవాడ

నేను మాది విజయవాడ కాబట్టి ఒక మాట చెప్పాలి. 2024 ఆగస్టు చివర్లో, సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కార్లు పైకప్పు దాకా మునిగాయి. రోజుల తరబడి ఆ నీళ్లలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కో షెడ్డు ముందు పదుల కొద్దీ కార్లు తలుపులు తెరిచి ఎండబెట్టారు. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ రాసేసిన బండ్లు వేలంలో అమ్ముడుపోయాయి. అవన్నీ తుక్కుకు వెళ్లాయని అనుకుంటున్నారా?

మా పిన్నిగారబ్బాయి ఒక డీలర్ దగ్గర బండి కొన్నాడు, పేరెందుకులెండి. లోపల కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, ఏసీ ఆన్ చేస్తే గుప్పుమని సెంటు వాసన. వాడు మురిసిపోయాడు. నాలుగు నెలలకు డ్యాష్‌బోర్డులో లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలగడం మొదలయ్యాయి. ఎలక్ట్రీషియన్ విప్పితే వైరింగ్ కనెక్టర్ల నిండా ఆకుపచ్చ తుప్పు.

నీళ్లలో మునిగిన బండి అని తెలియాలంటే సీటు బెల్టు చివరిదాకా లాగండి. రోజూ బయట ఉండేది శుభ్రంగానే ఉంటుంది, లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మీద బురద చార కనబడుతుంది. ముందు సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో మూలల్లో వేలు పెట్టి తుడవండి. మెత్తటి మన్ను వస్తే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి.

డాలస్_సుబ్బు

ఇక్కడ అమెరికాలో కార్‌ఫాక్స్ రిపోర్ట్ అని ఒకటి తీసుకుంటాం. బండి నంబరు కొడితే యాక్సిడెంట్లు, ఎంతమంది చేతులు మారింది, ఏ ఏడాది మీటర్ ఎంత, చాలావరకు వస్తుంది. మన దగ్గర అలాంటిది లేదా?

ఇన్సూరెన్స్_ప్రసాద్

సుబ్బు గారూ, అంత తీరుగా లేదు గానీ, ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. శ్రీను గారూ, ఇది మీకే.

పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొడితే ఎన్నో ఓనరు, లోన్ ఉందా లేదా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, అన్నీ తెలుస్తాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ హిస్టరీ అడగండి. అమ్మేవాళ్లు పక్కనుంటే ప్రింట్ తీసి ఇస్తారు. అందులో ప్రతి సర్వీసుకూ తేదీ, కి.మీ. ఉంటాయి. 2021లో 60 వేలు, 2022లో 74 వేలు, ఆ తర్వాత సర్వీసే లేదు, ఇప్పుడు మీటర్లో 78 వేలు అంటే అర్థమైపోవాలి.

యాక్సిడెంట్ సంగతి ఓనరు చెప్పడు, పాలసీ కాగితం చెబుతుంది. పోయినేడాది పాలసీ చూపించమనండి. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేకుండా ఒక్కో ఏడాది గడిస్తే 20, 25, 35, 45, 50 శాతం ఇలా పెరుగుతూ పోతుంది. ఏడేళ్ల బండికి 50 ఉంటే ఇటీవల ఎవరూ క్లెయిమ్ చేయలేదన్నమాట. సున్నా ఉంటే ఎందుకని అడగండి. చిన్న గీతకు చేశారా, పెద్ద దెబ్బకు చేశారా అన్నది బిల్లులతో తేలుతుంది.

ఆ బోనస్ పాత ఓనరుదే, మీకు రాదు. మీ చిన్న కారు అమ్మేస్తే మీ బోనస్ మాత్రం కొత్త పాలసీకి తెచ్చుకోవచ్చు, కంపెనీని సర్టిఫికెట్ అడగండి. ఓనర్‌షిప్ మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోవాలి. చాలామంది ఆర్సీ ఒక్కటే మార్చి దీన్ని వదిలేస్తారు.

కరీంనగర్_బంటి

ఇంత లొల్లి ఎందుకన్నా, ఢిల్లీ పోతే 8 లక్షలకు ఫార్చూనరే వస్తది కదా! మా దోస్తు ఒకడు తెచ్చుకున్నడు.

పేపర్ల_పంతులు

బంటీ, ఢిల్లీలో అవి చవక ఎందుకో తెలుసా? ఎన్‌సీఆర్‌లో, అంటే ఢిల్లీ, దాని చుట్టుపక్కల, డీజిల్‌కు పదేళ్లు, పెట్రోలుకు పదిహేనేళ్లు అని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) పెట్టిన నిబంధనను 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ తర్వాత పదో ఏడు దగ్గరపడ్డ డీజిల్ బండ్లు అక్కడ వచ్చిన ధరకు అమ్ముడైపోయేవి. ఇక్కడికి తెచ్చాక అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఫారం 28. తర్వాత తెలంగాణలో బండి వయసును, తొలి ధరను బట్టి లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. ఫార్చూనర్ తొలి ధర ఎంత? దాని మీద శాతం అంటే చిన్న మొత్తమా? ఇవన్నీ కట్టకుండా ఢిల్లీ నంబరుతోనే తిప్పేవాళ్లు చెక్ పోస్టు కనబడితే సందు వెతుక్కోవాలి.

పక్క రాష్ట్రం బండి విషయంలోనూ ఇంతే. ఏపీ నంబరు బండి హైదరాబాద్ తెచ్చి పేరు మార్చాలన్నా ఎన్‌ఓసీ, లైఫ్ టాక్స్ తప్పవు. శ్రీను గారు తెలంగాణ బండే చూసుకుంటే ఫారం 29, 30తో పని అయిపోతుంది.

కరీంనగర్_బంటి

సరే సార్, సమజైంది. దోస్తు బండి ఇంకా ఢిల్లీ నంబరే 😅

శ్రీలత_బెజవాడ

ఒక్కరూ సేఫ్టీ మాట ఎత్తలేదేంటండీ? పిల్లలు, పెద్దవాళ్లు కూర్చునే బండి కదా. కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో బ్రెజాకు 2018లో 4 స్టార్లు వచ్చాయి. అదే ఏడాది నెక్సాన్‌కు 5. తర్వాత 2020లో ఎక్స్‌యూవీ300కు కూడా 5. అసలు వేరియంట్ కూడా చూసుకోవాలి. 2019 జులైకి ముందు తయారైన బండ్లలో కొన్ని బేస్ వేరియంట్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కూడా ఉండేది కాదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే ఇగ్నిషన్ ఆన్ చేయగానే దాని లైటు వెలిగి కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే బల్బు తీసేశారని అనుమానించండి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాక కొత్తవి వేయకుండా పైన కవరు అతికించేసే ఘనులున్నారు.

మస్తాన్_షెడ్డు_గుంటూరు

మేడమ్ కరెక్టుగా చెప్పారు. శ్రీను గారూ, బండి చూడ్డానికి పోయేటప్పుడు ఈ పద్ధతిలో చూడండి.

పొద్దున్నే పోండి, ఎన్నింటికి వస్తారో చెప్పొద్దు. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తేనే దాని అసలు బుద్ధి బయటపడుతుంది. స్టార్ట్ అవ్వగానే నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ కాసేపటికి పోకుండా వస్తూనే ఉంటే భయపడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి ఆ రంధ్రం మీదే తిరగేసి పెట్టండి. కాస్త కదిలితే పర్లేదు, ఎగిరి పడుతుంటే లోపల కంప్రెషన్ లీకవుతోంది, బోరు పని దగ్గర్లో ఉంది.

బానెట్ ఎత్తి రెండు పక్కలా ఫెండర్ బోల్టులు చూడండి. కంపెనీ నుంచి వచ్చిన బోల్టు తల మీద రంగు చెక్కు చెదరకుండా ఉంటుంది. పానా పడితే అంచుల్లో రంగు లేస్తుంది. ఒక పక్క పానా పడి ఇంకో పక్క పడకపోతే పానా పడిన పక్క దెబ్బ తగిలిందని అర్థం. తలుపుల రబ్బరు బీడింగ్ లాగి పిల్లర్ మీద వెల్డింగ్ చుక్కలు చూడండి. కంపెనీ చుక్కలు గుండ్రంగా ఒకే వరసలో ఉంటాయి. చేత్తో కొట్టిన వెల్డింగ్ ఎంత రుద్దినా ఆ తీరుగా రాదు. అద్దాల మూలల్లో చిన్న అక్షరాల్లో తయారీ ఏడాది గుర్తు ఉంటుంది. అన్ని అద్దాలకూ ఒకటే ఉండాలి. హెడ్‌లైట్లు కూడా జతగా చూడండి. ఒకటి మసకబారి ఇంకోటి తళతళ మెరుస్తుంటే ఎందుకో అడగాలి.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మీటర్లో 40 వేలే ఉండి టైర్లు రెండో జత అయితే మీటర్ వెనక్కి తిరిగిందేమో చూడాలి. స్టీరింగ్ తోలు, గేర్ నాబ్, బ్రేక్ పెడల్ రబ్బరు ఎంత అరిగాయో చూస్తే తెలిసిపోతుంది. స్కానర్ పెట్టించండి, కొన్ని బండ్లలో వేరే కంప్యూటర్లలో ఉన్న కి.మీ. కూడా కనబడతాయి.

క్లచ్చు కోసం ఖాళీ జాగాలో హ్యాండ్ బ్రేక్ వేసి మూడో గేర్‌లో మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోతే మంచిది. ఆగకుండా రేస్ పెరుగుతుంటే ప్లేట్ అయిపోయింది. గుంతల రోడ్డు మీద నడపండి, టక్ టక్ అంటే లింక్ రాడ్డో బుష్షో. అది పెద్ద విషయం కాదు, బేరానికి పనికొస్తుంది. చివరికి నమ్మకమున్న మెకానిక్‌ను వెంట తీసుకుపోండి. వెయ్యో రెండు వేలో అడుగుతాడు, ఇవ్వండి.

ములుగు_శ్రీను

మస్తాన్ అన్నా, మీరు రాసింది ప్రింట్ తీసుకుని పోయాను. క్రెటా చూశాం. బయటికి పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఎడమ పక్క ఫెండర్ బోల్టులు రంగుతో ఉన్నాయి, కుడి పక్కవి పానా పడి తెల్లబడ్డాయి. కుడి హెడ్‌లైట్ కొత్తది. ముందు అద్దం మీద వేరే కంపెనీ పేరు. పాలసీ అడిగితే ఫోన్‌లో చూపించాడు, నో క్లెయిమ్ బోనస్ సున్నా. ఏమైందంటే "బంపర్‌కు ఆటోవాడు గీశాడండీ" అన్నాడు. మా మెకానిక్ కింద పడుకుని చూసి, ముందు క్రాస్ మెంబర్ (బండి కింద అడ్డంగా ఉండే కమ్మీ) మార్చారని, దాని పక్కన లాగి సరిచేసిన గుర్తులున్నాయని చెప్పాడు. 7.90 నుంచి దానంతట అదే 7.20కి దిగింది, మేం బేరం మొదలుపెట్టకముందే. వచ్చేశాం.

ఎక్స్‌యూవీ500 సంగతేంటి బాబాయ్? మా ఆవిడకు అదే నచ్చింది, ఏడుగురు కూర్చోవచ్చని.

డీజిల్_బాబాయ్

అమ్మాయి చెప్పింది నిజమే, దానంత చోటు మిగతా మూడింటిలో లేదు. 2.2 లీటర్ల ఇంజన్, 140 హార్స్ పవర్, ఆరు గేర్లు. 2021లో ఆపేశారు గానీ మహీంద్రా షెడ్లు ప్రతి పట్టణంలో ఉన్నాయి కాబట్టి మెకానిక్‌కు కొదవ లేదు. కానీ బరువైన బండి. టైర్లు పెద్దవి, బ్రేకులు పెద్దవి, క్లచ్చు పెద్దది, అరిగినప్పుడల్లా బిల్లూ పెద్దదే. నెలకు రెండుసార్లు ఆరుగురు ఎక్కితే కొనుక్కోవచ్చు. నువ్వు రోజూ ఒక్కడివే ఆఫీసుకు తీసుకెళ్తావు. మియాపూర్ సందుల్లో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దాన్ని తిప్పడం కూడా ఆలోచించు. నాన్నగారిని తీసుకెళ్లి నాలుగింటిలోనూ ఎక్కించి దింపి చూడు. ఎక్స్‌యూవీ సీటు బాగా ఎత్తు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కూడా ఇబ్బందే.

ములుగు_శ్రీను

బాబాయ్ చెప్పినట్టే ఆదివారం నాన్నను తీసుకెళ్లాను. ఎక్స్‌యూవీకి మెట్టు ఎక్కినట్టు కాలు ఎత్తాల్సి వచ్చింది, "వద్దురా" అన్నారు. బ్రెజా సీటు ఆయన నడుముకు సరిగ్గా సరిపోయింది, పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపల పెట్టేసుకున్నారు. అక్కడే సగం తేలిపోయింది.

బ్రెజా హనుమకొండలో ఉంది. మొదటి ఓనరే, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. సర్వీస్ హిస్టరీ మొత్తం ఒకే చోటిది, ఏటా పది పన్నెండు వేలు పెరుగుతూ వచ్చింది. బోనస్ 50. బోల్టులకు పానా పడలేదు, ఒక్క వెనక బంపర్ మాత్రం రంగు వేయించారు, ఆయనే ముందు చెప్పారు. టైర్లు నాలుగూ 2019వే, పక్కన పగుళ్లు. క్లచ్చు పైదాకా వచ్చాక పట్టుకుంటోంది. గుంతల్లో ముందు టక్ టక్. ఎంత అడగొచ్చు?

మస్తాన్_షెడ్డు_గుంటూరు

దొరికింది వదలకండి. టైర్లు, క్లచ్చు సెట్టు, లింక్ రాడ్లు, ఆయిల్ సర్వీసు, బ్యాటరీ పాతదైతే అదీ, అన్నీ కలిపి 70 వేల దాకా పెట్టుకోండి. ఆ లెక్క కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. 6.50తో మొదలుపెట్టండి.

ములుగు_శ్రీను

6.65కు ఖాయమైంది. ఆయన కాఫీ ఇచ్చి, బండి వాడకం గురించి గంట సేపు చెప్పారు. అడ్వాన్స్ పది వేలు ఇచ్చాను. ఒక్క టెన్షన్ ఉంది. ఆర్సీలో ఇంకా బ్యాంక్ పేరు మీద హైపోథికేషన్ (లోన్ తాకట్టు) కనబడుతోంది. లోన్ ఎప్పుడో కట్టేశామని, తీయించడం మర్చిపోయామని అంటున్నారు.

పేపర్ల_పంతులు

కట్టేసి ఉండొచ్చు, కానీ మిగతా డబ్బు ఇవ్వకముందే అది తీయించమనండి. ఆయన బ్యాంకు నుంచి లోన్ క్లోజర్ ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చుకుని ఆర్టీఓలో హైపోథికేషన్ రద్దు చేయించాలి. పాత ఎన్‌ఓసీ గడువు దాటి ఉంటే బ్యాంకు మళ్లీ కొత్తది ఇస్తుంది. అది రద్దయ్యాక మీ ఇద్దరూ ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ట్రాన్స్‌ఫర్‌కు స్లాట్ పెట్టుకోండి. తారీఖు, టైమ్ వేసి డెలివరీ కాగితం ఒకటి రాయించుకోండి, ఆ నిమిషానికి ముందు పడ్డ చలాన్లు ఆయనవి, తర్వాతివి మీవి. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో ఇప్పుడే చూసుకోండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని "తర్వాత మార్చుకుందాం" అనే పద్ధతి మాత్రం వద్దు. ఆయనకూ ప్రమాదం, మీకూ ప్రమాదం.

ములుగు_శ్రీను

చలాన్లు రెండున్నాయి, రెండూ రాంగ్ పార్కింగ్. ఆయన వెంటనే కట్టేశారు. బ్యాంకుకు సోమవారం పోతానన్నారు, నేనూ లీవ్ పెట్టి వెంట పోతున్నా. మీ అందరికీ చాలా థ్యాంక్స్. టైర్లు ఏ కంపెనీవి వేయించమంటారు? సైజు 215/60 ఆర్16.

నిజామాబాద్_అనిత

టైర్ల సంగతికి ముందు నాదొకటి అడగొచ్చా? నా బడ్జెట్ కూడా ఎనిమిదే, కానీ నాకు ఆటోమేటిక్ కావాలి, తిరుగుడు ఏడాదికి ఐదు వేలు దాటదు.

డీజిల్_బాబాయ్

ఐదు వేలకు డీజిల్ మాటే ఎత్తకమ్మా, పెట్రోలే చూసుకో. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనదైతే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తగ్గట్టు చేసినది వస్తుంది, అలాంటిది దొరికితే మేలు. ఆటోమేటిక్‌లో ఏఎంటీ వేరు, టార్క్ కన్వర్టర్ వేరు, ఆ కథ పెద్దది. కొత్త చర్చ తెరువు, అక్కడ మాట్లాడుకుందాం. శ్రీనూ, ఆ సైజులో మూడు నాలుగు కంపెనీలవి దొరుకుతాయి, ఏదైనా పర్లేదు, తయారీ తేదీ ఆర్నెల్ల లోపుదే అడిగి వేయించుకో.